ఆర్థర్ మేసన్ వర్తింగ్టన్

ఆర్థర్ మేసన్ వర్తింగ్టన్ (జూన్ 11, 1852 - డిసెంబరు 5, 1916) ఇంగ్లండు దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు. పైనుండి పడిన ద్రవబిందువు ఒక గట్టి పలకను గాని, మరొక ద్రవపు ఉపరితలాన్ని గాని తాకిన క్షణములో ఏమి జరుగుతుందన్నది ఇతని ప్రధాన పరిశోధనాంశము. సుమారు మూడు దశాబ్దాల పాటు ఇతడు ఈ ఒక్క ప్రశ్నను వెంటాడాడు. అతివేగ ఛాయాగ్రహణానికి ఆద్యులైన కొద్దిమందిలో ఇతడొకడు. బిందువు పడిన చోట ఏర్పడిన గుంట పూడుకొనేటపుడు మధ్యనుండి పైకి లేచే సన్నని ద్రవస్తంభాన్ని ఇతని పేరుమీదుగానే నేడు వర్తింగ్టన్ జెట్ అని పిలుస్తున్నారు.

ఇంజను లోపలి గోడమీద ఇంధనపు తుంపర, ఇనుప రేకుమీద రంగు తుంపర ఎలా పొరగా మారుతాయో నేడు కంప్యూటరులో లెక్కగట్టి చూస్తున్నారు. ఆ లెక్కలన్నిటికీ మూలమైన ప్రశ్నను మొదట ప్రయోగశాలలో క్రమబద్ధంగా పరిశీలించినవాడు వర్తింగ్టన్. అంతకంటె ముఖ్యంగా, సుమారు ఇరవై ఏళ్ళుగా తాను గీసిన చిత్రాలు ప్రకృతిలో ఉన్నదానికంటె ఎక్కువ పొందికగా ఉన్నాయని తానే కనుగొని, ఆ సంగతిని తానే ప్రకటించినవాడుగా విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇతనికి ప్రత్యేక స్థానమున్నది.

జననము, విద్యాభ్యాసము

వర్తింగ్టన్ 1852 జూన్ 11న ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరములో జన్మించాడు. అప్పటికి మాంచెస్టర్ నూలు మిల్లులకు, యంత్రపరిశ్రమలకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన పట్టణము. ఇతని పాఠశాల విద్య ప్రఖ్యాతమైన రగ్బీ పాఠశాలలో సాగింది. తరువాత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములోని ట్రినిటీ కళాశాలలో చదివి పట్టభద్రుడయ్యాడు. పిమ్మట జర్మనీ వెళ్ళి బెర్లిన్‌లో హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ ప్రయోగశాలలో కొంతకాలము పనిచేశాడు. ఆనాడు భౌతికశాస్త్రములో ప్రయోగవిద్యను నేర్వదలచినవారికి ఆ ప్రయోగశాల ఒక తీర్థము వంటిది.

ఉపాధ్యాయ వృత్తి

వర్తింగ్టన్ జీవితమంతా బోధనలోనే గడిచింది. యార్క్‌షైర్‌లోని షిప్లీలో సాల్ట్ స్కూల్స్ అనే విద్యాసంస్థకు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత బ్రిస్టల్ నగరములోని క్లిఫ్టన్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. పేరులో కళాశాల అని ఉన్నా ఇది నిజానికి ఒక పాఠశాల. అటుపిమ్మట బ్రిటిష్ నౌకాదళానికి ఇంజనీర్లను తయారుచేసే డెవన్‌పోర్ట్‌లోని రాయల్ నేవల్ ఇంజనీరింగు కళాశాలలో చాలా కాలము భౌతికశాస్త్ర ఆచార్యుడుగా ఉన్నాడు. చివరి దశలో గ్రీనిచ్‌లోని రాయల్ నేవల్ కళాశాలలో పనిచేశాడు.

ఆ కాలములో పాఠశాలలలో విజ్ఞానశాస్త్రమంటే ఉపాధ్యాయుడు బల్లమీద ప్రయోగము చేసి చూపటము, విద్యార్థులు కూర్చుని చూడటము. విద్యార్థి తన చేతితో తానే కొలవాలని, తప్పులు తానే పట్టుకోవాలని కోరిన ఉపాధ్యాయులలో వర్తింగ్టన్ ఒకడు. భౌతికశాస్త్ర ప్రయోగాలను విద్యార్థులచేత ఎలా చేయించాలో తెలిపే పాఠ్యపుస్తకము కూడ వ్రాశాడు. 1892లో వెలువడిన ఇతని భ్రమణ గతిశాస్త్ర పుస్తకము విద్యార్థులకు చాలా కాలము పఠనీయ గ్రంథంగా ఉండేది.

పరిశోధనకు నేపథ్యము

చూరునుండి జారిన నీటిచుక్క నేలమీద పడి చిట్లటము అందరూ చూసేదే. అయితే చుక్క నేలను తాకిన తరువాత చదునుకావటము, అంచు విచ్చుకోవటము, చిన్నచిన్న తుంపరలుగా విడిపోవటము, మిగిలినది వెనుకకు ముడుచుకోవటము అన్నీ సెకనులో పదో వంతు కంటె తక్కువ కాలములో ముగుస్తాయి. అన్ని దశలూ కలగలిసి కంటికి ఒక మసకగా మాత్రమే కనిపిస్తాయి. అందుచేత వేల ఏళ్ళుగా మనుషుల కళ్ళెదుటే జరుగుతున్న ఈ సంఘటన స్వరూపము ఎవరికీ తెలియలేదు.

1870లలో రగ్బీ పాఠశాల విద్యార్థి ఒకడు మసి పట్టించిన గాజుపలకమీద చుక్కలు పడినపుడు వింతైన గుర్తులు ఏర్పడటము గమనించాడు. చుక్క విస్తరించిన మేరకు మసి చెరిగిపోయి, నడుమ వలయాలు, చుట్టూ కిరణాలవంటి గీతలు మిగులుతాయి. పడే ఎత్తు మారితే ఆకారము మారుతుంది. ఆ గుర్తులు వర్తింగ్టన్ దృష్టికి వచ్చాయి. గుర్తు అనేది జరిగిపోయినదానికి సాక్ష్యము మాత్రమే. జరుగుతున్నదానిని చూడటమెలా అన్న ఆలోచన ఇతనిని ప్రయోగాలకు పురికొల్పింది.

ప్రయోగ విధానము

వర్తింగ్టన్ పద్ధతి సులభమైనదే కాని చాలా ఓపిక కోరేది. గదిని పూర్తిగా చీకటి చేస్తారు. విద్యుదయస్కాంతము సాయముతో చుక్కను ఒక నిర్ణీత క్షణములో వదులుతారు. అదే క్షణములో వేరొకచోట ఒక చిన్న గోళము కూడ పడటము మొదలుపెడుతుంది. ఈ గోళము కిందికి చేరగానే విద్యుత్ వలయములో మార్పు జరిగి లేడెన్ జాడీలో నిలువచేసిన విద్యుత్తు ఒక మెరుపుగా వెలువడుతుంది. ఆ మెరుపు వెలుగు అతి స్వల్పకాలము మాత్రమే ఉంటుంది గనుక చుక్క ఆ క్షణములో ఏ రూపములో ఉన్నదో ఆ ఒక్క రూపమే కంటికి కనిపిస్తుంది.

గోళము పడే ఎత్తును కొద్దిగా పెంచితే మెరుపు కొద్దిగా ఆలస్యమవుతుంది. ఉదాహరణకు 40 సెంటీమీటర్ల ఎత్తునుండి పడే వస్తువు చివర వేగము సెకనుకు సుమారు 2.8 మీటర్లు. అంటే ఎత్తులో 1 మిల్లీమీటరు తేడా చేస్తే మెరుపు సెకనులో సుమారు 2,800వ వంతు ఆలస్యంగా వస్తుంది. గడియారముతో కొలవలేని కాలాన్ని స్కేలుతో కొలిచే ఉపాయమిది. ఈ విధంగా ఒక్కొక్క దశనూ వరుసగా చూడటము సాధ్యమైంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. ఒక చుక్కకు ఒక్క మెరుపు, ఒక్క చూపు మాత్రమే. తరువాతి దశను చూడాలంటే మరొక చుక్కను వదలాలి. మెరుపు ఆరిన తరువాత కంటిలో నిలిచిన ఆకారాన్ని వర్తింగ్టన్ వెంటనే కాగితముమీద గీసేవాడు. ఒకే దశను మళ్ళీమళ్ళీ చూసి, గీసినవాటినుండి ప్రాతినిధ్యము వహించేదానిని ఎంచుకొనేవాడు. వేర్వేరు చుక్కల చిత్రాలను వరుసగా పేర్చి, అదంతా ఒకే చుక్క చరిత్ర అన్నట్లు చూపటము ఈ పద్ధతి. చుక్కలన్నీ ఒకే విధంగా ప్రవర్తిస్తాయన్న నమ్మకము దీనికి ఆధారము.

పలకమీద పడిన బిందువు

1876, 1877 సంవత్సరాలలో వర్తింగ్టన్ క్షితిజ సమాంతరమైన పలకమీద నిలువుగా పడే బిందువుల ఆకారాలపై రెండు పత్రాలను రాయల్ సొసైటీ ప్రచురణలలో వెలువరించాడు. పాదరసము, నీరు, పాలు వంటి ద్రవాలతో ఈ ప్రయోగాలు జరిగాయి. పాదరసము గాజును తడపదు, పైగా బాగా మెరుస్తుంది. పాలు తెల్లగా ఉండి స్పష్టంగా కనబడతాయి. అందుచేత ఈ ద్రవాలు పరిశీలనకు అనువైనవి.

ఇతడు చూసిన దశలు స్థూలంగా ఇవి. చుక్క అడుగు పలకను తాకగానే ద్రవము అన్ని వైపులకూ పలుచని పళ్ళెములాగా పరుచుకుంటుంది. పళ్ళెము అంచున ద్రవము పోగై గట్టులాగా లావెక్కుతుంది. ఆ గట్టు ఒకే మందములో నిలువక, అక్కడక్కడ ఉబ్బి వేళ్ళవంటి కొనలుగా సాగుతుంది. వేగము ఎక్కువైతే ఆ కొనలనుండి చిన్న తుంపరలు తెగిపోతాయి. పలకను తడపని ద్రవమైతే తలతన్యత కారణంగా పళ్ళెము మళ్ళీ మధ్యకు ముడుచుకొని పైకి లేస్తుంది. తడిపే ద్రవమైతే పరుచుకున్న మేర చాలవరకు పొరగా నిలిచిపోతుంది.

నేటి పరిశోధకులు బిందువు గోడను తాకటాన్ని అంటుకొనటము, ఎగిరిపడటము, పరుచుకొనటము, చిందటము అని వర్గీకరిస్తారు. వీటిలో పరుచుకొనటము, చిందటము అనే దశల స్వరూపాన్ని మొదట చిత్రించి చూపినవి ఈ రెండు పత్రాలే.

ద్రవముమీద పడిన బిందువు

తరువాత వర్తింగ్టన్ లోతైన నీటిలో పడే చుక్కలను, గోళాలను పరిశీలించాడు. చుక్క తాకిన చోట నీటిలో గుంట పడుతుంది. గుంట చుట్టూ పలుచని ద్రవపు గోడ నిలువుగా లేచి, అంచున ముత్యాలు తాపిన కిరీటములాగా విచ్చుకుంటుంది. కిరీటము క్రమంగా లావెక్కి కిందికి దిగుతుంది. గుంట పూడుకొనేటపుడు అడుగునుండి నీరు మధ్యకు తోసుకువచ్చి స్తంభములాగా పైకి లేస్తుంది. దాని కొననుండి ఒకటి రెండు చుక్కలు విడిపోతాయి. పాలచుక్కను నీటిలో వదిలితే స్తంభపు కొనన ఆ పాలే తిరిగి కనిపించటము ఇతడు గమనించిన విశేషాలలో ఒకటి.

ఛాయాచిత్రాలు, సౌష్ఠవ సమస్య

చేతితో గీసిన చిత్రాలలో గీసినవాని మనసు కూడ చేరుతుందన్న సంగతి వర్తింగ్టన్‌కు తెలుసు. అయితే ఆనాటి ఛాయాగ్రహణ ఫలకాలకు అంత స్వల్పమైన మెరుపులో చిత్రము నిలిచేటంత సున్నితత్వము లేదు. ఫలకాలు మెరుగుపడిన తరువాత, మెరుపును ఒక చిన్న పుటాకార దర్పణము ముందు పుట్టించి వెలుగును పెంచి, 1894 నాటికి ఇతడు స్పష్టమైన ఛాయాచిత్రాలు తీయగలిగాడు. ఆ మెరుపు కాలము సెకనులో పదిలక్షల వంతుల లెక్కలో ఉండేది. ఆ ఏడాది మే నెలలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ విషయముపై ప్రసంగించాడు. ఆ ప్రసంగము 1895లో చిన్న పుస్తకంగా వెలువడింది.

ఛాయాచిత్రాలు రాగానే ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. చేతి చిత్రాలలో కిరీటము గుండ్రంగా, కొనలన్నీ సమాన దూరములో, సమాన పరిమాణములో ఉండేవి. ఛాయాచిత్రాలలో అలా లేదు. ఒక కొన పొడుగు, ఒకటి పొట్టి. ఒకవైపు రెండు కొనలు కలిసిపోయి ఉంటే మరొకవైపు ఖాళీ. దాదాపు ప్రతి చుక్కలోనూ ఏదో ఒక వంకర ఉన్నది.

వర్తింగ్టన్ తన పాత చిత్రాలను మళ్ళీ తీసి పరీక్షించాడు. వాటిలో వంకరగా ఉన్న ఆకారాలను తాను గీసినవి చాలానే ఉన్నాయి. అయితే ప్రచురణకు ఎంచుకొనేటపుడు వాటిని ఏదో పొరపాటువల్ల చెడిన చుక్కలని భావించి పక్కన పెట్టాడు. పూర్తి సౌష్ఠవము ఉన్నదే నిజమైన చిందు, మిగిలినవి దానికి లోపభూయిష్టమైన నకళ్ళు అని మనసు ముందే నిర్ణయించుకున్నది. ఇతడు అబద్ధము గీయలేదు. చూసినవాటిలో కొన్నిటిని చూడదగినవి కావని వదిలివేశాడు. ఈ సంగతిని వర్తింగ్టన్ దాచక తన రచనలో వివరంగా చెప్పాడు.

దీనిలో ఉన్న నష్టము చిన్నది కాదు. చుక్క చిందటములో కొనలు ఎందుకు ఏర్పడతాయి, ఎన్ని ఏర్పడతాయి, ఏ కొన తెగి తుంపర అవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు ఆ వంకరలలోనే ఉన్నది. వంకరను తీసివేస్తే చిందటానికి కారణమే కనిపించకుండా పోతుంది. లొరెయిన్ డాస్టన్, పీటర్ గాలిసన్ అనే చరిత్రకారులు విజ్ఞానశాస్త్రములో నిష్పాక్షికత అనే భావన ఎలా ఎదిగిందో వివరిస్తూ 2007లో వెలువరించిన గ్రంథాన్ని వర్తింగ్టన్ కథతోనే ప్రారంభించారు.

నున్నని గోళము, గరుకు గోళము

సహచరుడు ఆర్. ఎస్. కోల్‌తో కలిసి వర్తింగ్టన్ 1897, 1900 సంవత్సరాలలో రాయల్ సొసైటీ పత్రికలో ఛాయాచిత్రాలతో కూడిన రెండు పెద్ద పత్రాలు ప్రచురించాడు. వీటిలో గట్టి గోళాలు నీటిలో పడటము గురించిన పరిశీలన ముఖ్యమైనది. బాగా మెరుగుపెట్టి పొడిగా తుడిచిన గోళాన్ని వదిలితే నీరు దానిని అంటిపెట్టుకొని పైకి పాకి కప్పివేస్తుంది. గోళము పెద్దగా చిందించకుండా లోపలికి జారిపోతుంది. అదే గోళము ఉపరితలము గరుకుగా ఉన్నా, దానిమీద దుమ్ము ఉన్నా నీరు దానిని విడిచి దూరంగా చిమ్ముతుంది. గోళము వెనుక గాలితో నిండిన పెద్ద గుంట ఏర్పడుతుంది.

బరువు, వేగము, పరిమాణము ఒకటే అయినా ఉపరితలపు స్వభావము ఒక్కటి మారితే ఫలితమంతా మారిపోతుందని దీనివలన తెలిసింది. నేడు గోడమీద పొర ఏర్పడటాన్ని లెక్కించేవారు గోడ గరుకుదనాన్ని, తడిసే గుణాన్ని తప్పనిసరిగా పరిగణించటానికి కారణమిదే.

ఇతర పరిశోధనలు, రచనలు

వర్తింగ్టన్ తలతన్యత, వేలాడే బిందువుల ఆకారము వంటి అంశాలపై కూడ పరిశోధనలు చేశాడు. ద్రవాలను నొక్కటమే కాదు, సాగదీయటము కూడ సాధ్యమేనని చూపే ప్రయోగాలు ఇతని పనిలో మరొక భాగము. ఇథైల్ ఆల్కహాలు సాగే గుణాన్ని కొలిచి 1892లో పత్రము ప్రచురించాడు. ఇతని ముఖ్యమైన పుస్తకాలు:

* డైనమిక్స్ ఆఫ్ రొటేషన్ (1892)
* ది స్ప్లాష్ ఆఫ్ ఎ డ్రాప్ (1895)
* ఎ స్టడీ ఆఫ్ స్ప్లాషెస్ (1908)

చివరి పుస్తకములో 197 చిత్రాలున్నాయి. శాస్త్రజ్ఞులే కాక సామాన్య పాఠకులు కూడ చదువుకొనేలా దీనిని వ్రాశాడు. ఉక్కు కవచపు పలకను ఫిరంగి గుండు ఛేదించినపుడు ఏర్పడే అంచులకు, చుక్క చిందినపుడు ఏర్పడే అంచులకు పోలిక ఉన్నదని ఇందులో చూపాడు. నౌకాదళ కళాశాలలో పనిచేసినవానికి ఇది సహజమైన పోలిక.

గౌరవాలు, మరణము

1893లో వర్తింగ్టన్ రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. బ్రిటిష్ ప్రభుత్వము ఇతనిని ఆర్డర్ ఆఫ్ ది బాత్ పురస్కారముతో గౌరవించింది. మొదటి ప్రపంచయుద్ధము జరుగుతున్న కాలములో 1916 డిసెంబరు 5న మరణించాడు. మరుసటి ఏడాది, అంటే 1917లో, డార్సీ వెంట్‌వర్త్ థాంప్సన్ జీవుల ఆకారాలపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథములో వర్తింగ్టన్ చూపిన చిందు ఆకారాలను ప్రస్తావించాడు. అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఇదే మార్గములో ముందుకు సాగి 1957లో తీసిన పాలచుక్క కిరీటపు రంగుల చిత్రము ప్రపంచమంతటా పేరు పొందింది.

ఒక బిందువునుండి పొరకు

వర్తింగ్టన్ పరిశీలించినవి రెండు సందర్భాలు: పొడి పలక, లోతైన ద్రవము. పిచికారీ చేసిన తుంపర గోడను తాకేటపుడు ఈ రెండిటికీ నడుమ ఉన్న మూడవ సందర్భము ఎదురవుతుంది. మొదటి బిందువులు పొడి గోడమీద పడతాయి. అవి మిగిల్చిన పలుచని తడిమీద తరువాతి బిందువులు పడతాయి. ఒక్కొక్క బిందువు కొంత ద్రవాన్ని పొరకు చేర్చుతుంది. కొంత ద్రవాన్ని తుంపరలుగా తిరిగి గాలిలోకి పంపుతుంది. కొన్నిసార్లు పడినదానికంటె ఎక్కువ ద్రవము తిరిగి లేస్తుంది, ఎందుకంటె పొరలో ఉన్న ద్రవము కూడ కిరీటములో చేరుతుంది.

ఏ బిందువు చిందుతుంది, ఏది నిలుస్తుంది అని తేల్చటానికి రెండు సంఖ్యలు ఉపయోగపడతాయి. బిందువు జడత్వానికి, తలతన్యతకు గల నిష్పత్తి వెబర్ సంఖ్య. జడత్వానికి, స్నిగ్ధతకు గల నిష్పత్తి రేనాల్డ్స్ సంఖ్య. వెబర్ సంఖ్య వర్గమూలాన్ని రేనాల్డ్స్ సంఖ్య నాలుగవ మూలముతో గుణించగా వచ్చే విలువ సుమారు 57.7 దాటితే బిందువు చిందుతుందని ముండో, సోమర్‌ఫెల్డ్, ట్రోపియా అనే పరిశోధకులు 1995లో ప్రయోగపూర్వకంగా చూపారు. ఇది పొడి గోడకు సంబంధించిన హద్దు. తడి గోడకు హద్దు పొర మందముతో మారుతుంది.

చుట్టూ ఉన్న గాలికి కూడ ఇందులో పాత్ర ఉన్నదని 2005లో తెలిసింది. షికాగో విశ్వవిద్యాలయములో షూ, జాంగ్, నాగెల్ అనేవారు గాలి పీడనాన్ని తగ్గించి చూడగా నున్నని పలకమీద చిందటము పూర్తిగా ఆగిపోయింది. వర్తింగ్టన్ మొదలుపెట్టిన ప్రశ్న నూటముప్ఫై ఏళ్ళ తరువాత కూడ కొత్త జవాబులను ఇస్తూ ఉండటము గమనార్హము.

కంప్యూటరు అనుకరణ

చుక్క చిందటాన్ని మొదట కంప్యూటరులో అనుకరించినది అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన హార్లో, షానన్ అనేవారు. వారి పని 1967లో వెలువడింది. ఆనాటి కంప్యూటర్ల శక్తి పరిమితమైనది గనుక చుక్క తన అక్షము చుట్టూ పూర్తి సౌష్ఠవముతో ఉంటుందని తీసుకున్నారు, తలతన్యతను వదిలివేశారు. గుంట, లేచే గోడ, మధ్యస్తంభము ఆ లెక్కలో కనిపించాయి. కాని కొనలు కనిపించలేదు. కనిపించటానికి వీలుకూడ లేదు. వర్తింగ్టన్ మనసు చేసిన ఎంపికనే ఇక్కడ సమీకరణము చేసింది. తేడా ఏమిటంటే, లెక్కవేసినవారికి తాము వదిలినది ఏమిటో ముందే తెలుసు.

1981లో హర్ట్, నికల్స్ ప్రతిపాదించిన పద్ధతితో ప్రతి గడిలో ద్రవము ఎంత భాగమున్నదో లెక్కిస్తూ ఉపరితలాన్ని వెంబడించటము సులువైంది. 1999లో రీబర్, ఫ్రోన్ పలుచని పొరమీద పడే బిందువును మూడు పరిమాణాలలో అనుకరించినపుడు కొనలు రావటానికి ప్రారంభములోనే యాదృచ్ఛికమైన చిన్న అలజడిని చేర్చవలసి వచ్చింది. వంకరను లెక్కలోకి తెస్తేగాని నిజమైన చిందు రాలేదన్నమాట. ఇటువంటి లెక్కలకు వాడే మరొక పద్ధతి లాటిస్ బోల్ట్జ్‌మన్ పద్ధతి. దీనిలో సాధారణంగా వాడే సూత్రము 1954లో భారతీయ గణితవేత్త ప్రభులాల్ భట్నాగర్, గ్రాస్, క్రూక్‌లతో కలిసి ఇచ్చినది. భట్నాగర్ తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడుగా పనిచేశాడు.

అయితే ఒక తుంపరలో లక్షల బిందువులుంటాయి. ప్రతి బిందువు కిరీటాన్నీ లెక్కించటము అసాధ్యము. అందుచేత ఇంజనీర్లు వేరొక దారి పట్టారు. ఒకే రకమైన బిందువులను గుంపులుగా తీసుకుంటారు. గుంపు గోడను తాకగానే పైన చెప్పిన సంఖ్యలను బట్టి అంటుకున్నదా, ఎగిరినదా, పరుచుకున్నదా, చిందినదా అని నిర్ణయిస్తారు. నిలిచిన ద్రవాన్ని పొరకు చేర్చి, మందము మేరకు సగటు తీసిన సమీకరణాలతో పొర ఎటు జారుతుంది, ఎంత వేడెక్కుతుంది, ఎంత ఆవిరవుతుంది అని లెక్కిస్తారు. 1995లో బాయ్, గాస్మన్ చిందటానికి, 1996లో స్టాంటన్, రట్లండ్ మరియు ఓరూర్కె, ఆమ్స్‌డెన్ ఇంజను గోడమీది పొరకు ఇటువంటి నమూనాలను రూపొందించారు.

ఈ నమూనాలలో ఒక్కొక్క చుక్క వంకర తిరిగి సగటులో కలిసిపోతుంది. సగటు లేకుండా పని జరగదు. సగటే నిజమనుకుంటే తప్పు జరుగుతుంది. చిందిన తుంపరల పరిమాణాన్ని ఒక్క విలువగా గాక కొలతలనుండి వచ్చిన పంపిణీగా తీసుకొనటము, లెక్కను ఛాయాచిత్రాలతో సరిపోల్చటము అందుకే అవసరమవుతున్నాయి.

ఆచరణలో ప్రాముఖ్యము

ఇంజను సిలిండరులోకి చిమ్మిన ఇంధనములో కొంత భాగము గోడను తాకి పొరగా నిలుస్తుంది. అది సరిగా మండక పొగగా, మసిగా వెలువడుతుంది. గోడమీద ఉన్న కందెన నూనె పొరను పలుచబరచి అరుగుదలకు కారణమవుతుంది. ఇంజను నూనెల అధ్యయనములో సోవియట్ దేశములో పేరుపొందిన కొలచల సీతారామయ్య కృష్ణా జిల్లా ఉయ్యూరులో జన్మించిన తెలుగువాడు. వర్తింగ్టన్ ఒక చుక్కలో చూసిన పొరకు, సీతారామయ్య ఎంచుకొన్న రంగములోని నూనె పొరకు ఇంజను గోడమీద ఈ విధంగా పొత్తు కుదురుతుంది.

హైదరాబాదు తూర్పుభాగములోని ఉప్పల్, నాచారం వంటి పారిశ్రామిక వాడలలో జరిగే పనులలో కూడ ఇదే శాస్త్రమున్నది. రేకులకు, యంత్రభాగాలకు గన్నుతో రంగు కొట్టటము, మందుబిళ్ళలకు పైపూత వేయటము తుంపరను పొరగా మార్చే పనులే. ఉదాహరణకు 40 మైక్రోమీటర్ల రంగు బిందువు సెకనుకు 10 మీటర్ల వేగముతో రేకును తాకిందనుకుందాము. రంగు స్నిగ్ధత నీటికి 30 రెట్లు, తలతన్యత నీటిదానిలో సగానికంటె తక్కువ అనుకుంటే పైన చెప్పిన విలువ సుమారు 22 వస్తుంది. హద్దుకు ఇది చాలా తక్కువ గనుక రంగు చిందక పరుచుకుంటుంది. అదే 50 మైక్రోమీటర్ల డీజిలు బిందువు సెకనుకు 20 మీటర్ల వేగముతో తాకితే విలువ 100 దాటుతుంది, తప్పక చిందుతుంది. రంగులో థిన్నరు మోతాదు మించితే, గన్ను గోడకు మరీ దగ్గరగా పెడితే పని చెడటానికి కారణము ఇందులో కొంత ఉన్నది. థిన్నరు స్నిగ్ధతను తగ్గిస్తుంది, దగ్గరితనము తాకే వేగాన్ని పెంచుతుంది. నిలిచిన పొర మందమెక్కితే తన బరువుకు తానే కారిపోతుంది.

చినుకులకు నేలమీది మట్టి చిమ్మి ఇంటిగోడ అడుగుభాగము ఎర్రబారటము కూడ వర్తింగ్టన్ చూపిన చిందే. మసి పట్టించిన గాజుపలక, పాలు, ఒక డ్రాపరు ఉంటే ఇతని తొలి పరిశీలనను ఏ పాఠశాలలోనైనా చేయవచ్చును. గుర్తులను గీసేటపుడు గుండ్రంగా వచ్చినవాటినే గాక వంకరగా వచ్చినవాటిని కూడ నోటుపుస్తకములో ఉంచుకొనటము ఈ ప్రయోగములో మరువరాని భాగము.

ఇవి కూడా చూడండి

* తలతన్యత
* స్నిగ్ధత
* ద్రవగతి శాస్త్రము
* కొలచల సీతారామయ్య
* ఛాయాగ్రహణము